పాత లోహాల వ్యాపారంపై నియంత్రణ: ఇంగ్లండ్ అనుభవం

పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రికి రాత్రి దించి, నూనె పారబోసి, లోపలి రాగి తీగ ఎత్తుకుపోయారన్న వార్తలు మీరు చదివే ఉంటారు. మీలో కొందరికి అది స్వానుభవమే కావచ్చు. దొంగకు దక్కేది కొన్ని కిలోల రాగి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేలోగా రైతు మడి ఎండిపోతుంది. మరి ఆ రాగిని దొంగ ఏం చేసుకుంటాడు? తూకం వేసి కొనేవాడు ఎవడో ఒకడు ఉండాలి. ఆ కొనేవాడిని దృష్టిలో పెట్టుకొని చేసిన చట్టాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

దొంగసొత్తు కొనడం మన దేశంలో ఎప్పటినుంచో నేరమే. భారతీయ శిక్షాస్మృతిలో 411వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ ఇదే చెబుతాయి. అయితే అది దొంగసొత్తని కొన్నవాడికి తెలుసని, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పైతొడుగు కాల్చేసిన రాగి తీగకు గుర్తులుండవు. కరిగించాక అసలే ఉండవు. "నాకేం తెలుసు? అమ్మితే కొన్నాను" అనే జవాబుకు తిరుగు ఉండదు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఈ చిక్కును వేరే విధంగా పరిష్కరించింది: అనుమానాస్పదమైన రైల్వే సామగ్రి దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవలసినవాడు దాన్ని దగ్గర పెట్టుకున్నవాడే. కాని ఇది రైల్వేలకే పరిమితం.

ఇంగ్లండ్, వేల్స్ మరో మార్గం పట్టాయి. అక్కడ 1964 నుంచే తుక్కు వ్యాపారుల చట్టం ఉంది. వ్యాపారి స్థానిక కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొని, కొనుగోళ్లు పుస్తకంలో రాయాలి. అమ్మేవాడు ఏ పేరు చెబితే ఆ పేరే పుస్తకంలోకి ఎక్కేది. చెల్లింపు నగదులో జరిగేది. 2009 ఆరంభంలో టన్ను సుమారు 3,000 డాలర్లున్న రాగి 2011 ఫిబ్రవరిలో 10,000 దాటింది. దాంతో రైల్వే సిగ్నల్ కేబుళ్లు, చర్చి కప్పుల సీసపు రేకులు, యుద్ధ స్మారకాల కంచు ఫలకాలు కూడా దొంగల పాలయ్యాయి. 2011 డిసెంబరులో లండన్‌లోని డల్విచ్ పార్కు నుంచి శిల్పి బార్బరా హెప్‌వర్త్ కంచు శిల్పాన్నే కోసుకుపోయారు.

అప్పుడు ప్రభుత్వం కదిలింది. 2012 డిసెంబరు 3 నుంచి తుక్కు లోహానికి నగదు చెల్లించడం నిషిద్ధమైంది. 2013 అక్టోబరు 1న కొత్త చట్టం అమలులోకి వచ్చింది. దుకాణానికి ఒక రకం లైసెన్సు, వీధులు తిరిగి సేకరించేవారికి మరో రకం, రెండింటికీ గడువు మూడేళ్లు. తగని వ్యక్తి అనిపిస్తే కౌన్సిల్ లైసెన్సు నిరాకరించవచ్చు. అమ్మేవాడి పేరు, చిరునామా పత్రాలతో సరిచూడాలి. రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి.

వీటన్నిటిలో నగదు నిషేధమే కీలకమని నా అభిప్రాయం. డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే రావాలంటే దొంగ తన ఆనవాలు తానే వదలాలి. పుస్తకంలో అబద్ధం రాయించినంత తేలికగా బ్యాంకులో రాయించలేడు. గమనించండి, ఇక్కడ వ్యాపారి మనసులో ఏముందో ఎవరూ నిరూపించనక్కరలేదు. నగదు ఇచ్చాడా, లేదా అన్నదే ప్రశ్న.

తరువాతి ఏళ్లలో దొంగతనాలు తగ్గాయి. అయితే అదే కాలంలో రాగి ధర కూడా పడిపోయింది. మరి తగ్గుదల చట్టం వల్లనా, ధర వల్లనా? బ్రిటన్ హోం శాఖ 2015లో ప్రచురించిన అధ్యయనం ధరల ప్రభావాన్ని వేరుచేసి చూసి, ప్రభుత్వ చర్యల ప్రభావం కూడా ఉందని తేల్చింది. పరీక్షలో "చట్టం వచ్చింది, నేరం తగ్గింది" అని రాసి ఆగిపోకండి. స్కాట్లాండ్‌లో నగదు నిషేధం 2016 సెప్టెంబరులో గాని రాలేదన్నది కూడా గుర్తుంచుకోండి. అంతవరకు సరిహద్దు దాటితే నగదుకు అమ్ముకునే వీలుండేది.

ఈ పద్ధతిని మన దగ్గరకు యథాతథంగా తేవచ్చా? పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండివాడిని లైసెన్సు అడిగితే అతని పొట్ట కొట్టినట్టే, దొంగతనమూ ఆగదు. క్వింటాళ్ల లెక్కన రాగి, అల్యూమినియం చేరే పెద్ద కొట్ల దగ్గర మొదలుపెట్టడమే సబబు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ మండలంలోని ఒక స్క్రాప్ దుకాణాన్ని గమనించండి. అక్కడ అమ్మేవారి వివరాలు ఎవరు, ఎలా రాసుకుంటున్నారు? దొంగిలించిన ట్రాన్స్‌ఫార్మర్ రాగి అక్కడికి వస్తే ఏ దశలో పట్టుబడే అవకాశముందో పది పంక్తుల్లో రాయండి.