మీగడ గొట్టం ఎవరి నోట?



ధనికులకూ పేదలకూ గల తేడాను అంకెలతో చెబితే సభలో సగం మంది లేచిపోతారు. అదే పాడి కథగా చెబితే చివరిదాకా కూర్చుంటారు. ఈ సంగతి బాగా ఎరిగిన నాయకుడు కెనడా దేశపు టామీ డగ్లస్. ఆయన మొదట చర్చి బోధకుడు. 1944 నుండి 1961 వరకు సస్కాచవాన్ రాష్ట్రానికి ప్రీమియర్, అనగా మన ముఖ్యమంత్రి వంటి పదవి. అది గోధుమ రైతుల సీమ. 1932లో ఏర్పడిన ఆయన పార్టీ పేరు కో-ఆపరేటివ్ కామన్‌వెల్త్ ఫెడరేషన్. పేరులోనే సహకారం ఉన్నది.

ఆయన కథలలో ఒకటి క్రీం సెపరేటర్ కథ. ఈ యంత్రంలో పాలు పోసి పిడి తిప్పితే గిన్నె వేగంగా తిరుగుతుంది. తేలికైన మీగడ నడిమికి, బరువైన వెన్న తీసిన పాలు అంచుకు చేరి, వేరువేరు గొట్టాల గుండా వస్తాయి. మీగడ ఎంత చిక్కగా రావాలో ఒక మర నిర్ణయిస్తుంది.

కథలో రైతు పాలు పోస్తాడు, కార్మికుడు పిడి తిప్పుతాడు. ఇద్దరికీ దక్కేది వెన్న తీసిన పాలే. యజమాని మాత్రం పీట వేసుకొని, మీగడ గొట్టం నోట పెట్టుకొని కూర్చుంటాడు. తాగి తాగి అజీర్తి చేస్తే యంత్రం ఆపమంటాడు. అప్పుడు మిగిలినవారికి ఆ పలుచని పాలూ ఉండవు. మాంద్యమంటే ఇదేనని డగ్లస్ వివరించేవారు. 1930 దశకంలో మాంద్యమూ కరువూ కలిసి అనుభవించిన రైతులకు వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

ఇటువంటిదే మరొకటి. గుర్రానికి దండిగా దాణా పెడితే లద్దెలో మిగిలిన గింజలు పిచ్చుకలకు దొరుకుతాయట! ధనికులకు మేలు చేస్తే అది పేదలకూ దిగివస్తుందనే వాదాన్ని ఎత్తిపొడుస్తూ ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ 1982లో దీనిని గుర్తుచేశారు.

అయితే కథ లెక్క కాదు. యంత్రం కొన్నదెవరు, మరమ్మతు ఖర్చెవరిది, మీగడ ఎంత అనేవి సెపరేటర్ కథలో లేవు. కథ ప్రశ్న లేవదీస్తుంది. జవాబు లెక్కల్లో వెతకాలి. డగ్లస్ కూడా కథతో ఆగలేదు. ఆయన ప్రభుత్వం 1947లో ఆ రాష్ట్రంలో ఆసుపత్రి బీమా అమలుచేసింది.

మన సంఘంలో యంత్రం మనదే. కాని సహకార సంఘమైనంత మాత్రాన సమానత్వం దానంతట అది రాదు. బోనస్ పోసిన పాలను బట్టి పంచేటప్పుడు పది గేదెలున్న ఇంటికి ఎక్కువ, ఒక్క గేదె ఉన్న ఇంటికి తక్కువ వస్తుంది. అందులో తప్పు లేదు. వెన్న శాతం ఒక పాయింటు తక్కువ రాస్తే మాత్రం ఆ ఒక్క గేదె ఇంట్లోనే పొయ్యి దగ్గర తెలుస్తుంది. ఓటు మాత్రం ఇద్దరికీ ఒకటే.

నా తనిఖీలలో చూసినంతవరకు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు ప్రశ్న అడిగేవారు తక్కువ. వారిలో ఒక్క గేదె ఉన్నవారు మరీ తక్కువ. కనుక శాంపిల్ మీ ఎదుటే పరీక్షించమని అడగండి. పాస్‌బుక్కులో అంకె సరిచూసుకోండి. పాలధరకు ఎంత పోయింది, ఖర్చులకు ఎంత, నిధికి ఎంత అని అడిగి తెలుసుకున్న తరువాతనే చెయ్యెత్తండి. మీగడ మరను తిప్పే చేయి అదే.