పళ్ళొచ్చే వయసు పిల్లల దగ్గు – మందుల వాడకంలో జాగ్రత్తలు

శిశు సంరక్షణ పాఠం చెప్పినన్నాళ్ళూ సంపర్క తరగతుల్లో నాకు తరచూ ఎదురైన ప్రశ్న ఒకటుంది: "పళ్ళొస్తున్నాయి కదా సార్, అందుకే దగ్గుతున్నాడు. ఏ సిరప్ పట్టమంటారు?" ఈ ప్రశ్నలో రెండు నమ్మకాలు ఉన్నాయి. దగ్గుకు కారణం పళ్ళు అన్నది ఒకటి. దగ్గు వస్తే సిరప్ పట్టాలన్నది మరొకటి. రెండూ సరైనవి కావు. వాటివల్ల జరిగే నష్టం కూడా చిన్నది కాదు కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా పరిశీలిద్దాం.

పళ్ళకూ దగ్గుకూ సంబంధం

సాధారణంగా ఆరు నెలల వయసు ప్రాంతంలో మొదటి పాలపన్ను కనిపిస్తుంది. మూడేళ్ళు నిండేసరికి ఇరవై పాలపళ్ళూ వచ్చేస్తాయి. అంటే ఈ కాలంలో బిడ్డకు ఏ జబ్బు చేసినా, నోట్లో ఏదో ఒక పన్ను వస్తూనే ఉంటుంది. సరిగ్గా ఇప్పుడే తల్లి గర్భంలో ఉండగా అందిన ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి. బిడ్డ పాకుతూ చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. జలుబు వైరస్‌లు ఇంటిల్లిపాది నుంచీ అంటుకుంటాయి. ఈ వయసులో ఏడాదికి ఆరేడు సార్లు జలుబు చేయడం అసాధారణం కాదు. రెండు సంఘటనలు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని మీరు తర్కంలోనో, గణాంక శాస్త్రంలోనో చదివే ఉంటారు. దానికి ఇంతకంటే ఇంటి ఉదాహరణ నాకు దొరకలేదు.

పన్ను వచ్చేటప్పుడు చిగురు ఉబ్బడం, చొల్లు కారడం, చిరాకు, ఒళ్ళు కాస్త వెచ్చబడటం నిజమే. చొల్లు గొంతులోకి జారి అప్పుడప్పుడు పొలమారినట్లు దగ్గవచ్చు. అంతవరకే. 38 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం, నిద్రపట్టనివ్వని దగ్గు, ఆయాసం పళ్ళవల్ల రావు. "పళ్ళ జ్వరమే, అదే పోతుంది" అనుకుని నిమోనియాను రెండు మూడు రోజులు ఇంట్లో పెట్టుకోవడమే ఈ నమ్మకంలో ఉన్న అసలు ప్రమాదం.

దగ్గు సిరప్‌లు ఎందుకు వద్దు

దగ్గు జబ్బు కాదు, శ్వాసనాళాల్లో చేరిన కఫాన్ని బయటికి నెట్టే ప్రతిచర్య. వైరస్ వల్ల వచ్చిన దగ్గు వారం పది రోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. చిన్నపిల్లల్లో సిరప్ ఆ కాలాన్ని తగ్గిస్తుందనడానికి ఆధారాలు లేవు. కానీ అందులోని మందులు చేసే హాని మాత్రం నిజం. క్లోర్‌ఫెనిరమైన్ మత్తు కలిగిస్తుంది. సిరప్ పట్టగానే బిడ్డ "హాయిగా" పడుకోవడానికి కారణం సాధారణంగా ఇదే. ముక్కుదిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ గుండె కొట్టుకునే తీరును మార్చగలదు. కొడీన్ ఉన్న సిరప్ శ్వాసనే మందగింపజేస్తుంది.

అందుకే మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రించాలని ఆదేశించారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మరింత స్పష్టంగా చెప్పింది: రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరు.

ఆ రెండో సూచన వెనక ఒక విషాదం ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు మూత్రం ఆగిపోయి, మూత్రపిండాలు చెడి మరణించారు. మృతుల సంఖ్య ఇరవై దాటింది. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌ను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్లు తేలింది. అనుమతించే పరిమితి 0.1 శాతం. ఇది పరిశ్రమల్లో వాడే తియ్యని విషద్రవం. మందును కరిగించడానికి వాడే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌లలో ఇది కల్తీగా చేరుతుంది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ బ్యాచ్ వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1937లో అమెరికాలో ఇదే విషం వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022లో గాంబియాలో దాదాపు డెబ్బై మంది పిల్లలను బలిగొంది. అవసరం లేని మందు కొన్నప్పుడు, అవసరం లేని ఈ ప్రమాదాన్నీ కొంటున్నామన్నమాట.

పారాసిటమాల్ లెక్క

పన్ను నొప్పికో జ్వరానికో బిడ్డ బాధపడుతుంటే ఇవ్వదగిన మందు పారాసిటమాల్. ఇది దగ్గును తగ్గించదని గుర్తుంచుకోవాలి. మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి లెక్కించాలి: కిలోకు ఒక విడతకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. విడతకూ విడతకూ మధ్య ఆరు గంటలు ఉంటే, రోజుకు నాలుగు విడతలకు మించదు.

చిక్కంతా సీసాలో ఉంది. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండవచ్చు, 250 ఉండవచ్చు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. పది కిలోల బిడ్డకు 120 బలం ఉన్న సిరప్ 5 మిల్లీలీటర్లు సరైన మోతాదు. అదే 5 మిల్లీలీటర్ల చుక్కల మందు పడితే 500 మిల్లీగ్రాములు పట్టినట్లు, అంటే నాలుగింతలకు పైగా. అలాగే రోజంతా పడితే కాలేయం దెబ్బతింటుంది. నా విద్యార్థిని ఒకామెకు డాక్టరు సిరప్ రాస్తే దుకాణంలో చుక్కల మందు ఇచ్చారు. "సీసా మొత్తం 15 మిల్లీలీటర్లే ఉంది, పూటకు 5 ఎలా సార్?" అని అనుమానం వచ్చి ఆగిపోయింది. ఆ రోజు బిడ్డను కాపాడింది ఆ భాగహారమే.

మరో సంగతి. చాలా జలుబు సిరప్‌లలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. దాంతోపాటు జ్వరం మందు వేరుగా పడితే మోతాదు రెట్టింపవుతుంది. ఇంటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు. సీసాతో వచ్చిన మూతనో, సూది లేని సిరంజినో వాడాలి.

చిగుళ్ళకు రాసే జెల్‌ల విషయానికొస్తే, బెంజోకెయిన్ ఉన్నవి రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించగలవు. రెండేళ్ళలోపు పిల్లలకు వద్దు. శుభ్రమైన వేలితో చిగురు రుద్దినా, చల్లటి తడిగుడ్డ నమలనిచ్చినా చాలు.

ఇంటి వైద్యం

పాలు, గోరువెచ్చని ద్రవాలు తరచుగా ఇవ్వాలి. పాలు తాగే ముందు, నిద్రకు ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తే సగం దగ్గు తగ్గినట్లనిపిస్తుంది. ఏడాది నిండిన బిడ్డకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు తేనె నాకించకూడదు, అందులో బొటులిజం కలిగించే బీజాలు ఉండవచ్చు. కర్పూరం రాయడం, మూటకట్టి మెడలో వేయడం మన ఇళ్ళలో అలవాటే. కాని మూట నోట్లోకి పోతే కొద్ది కర్పూరమే మూర్ఛ తెప్పిస్తుంది. సాంబ్రాణి పొగ దగ్గును పెంచుతుంది.

ఆస్పత్రికి ఎప్పుడు

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి నిండా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు బిడ్డకు 40, లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస. వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా, పెదాలు నీలబడినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయవద్దు. జలుబేమీ లేకుండా ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి దగ్గితే వేరుశనగ గింజో చింతగింజో గొంతులో పడిందేమో అనుమానించాలి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

కృత్యం: మీ ఇంట్లో ఉన్న పిల్లల మందు సీసాలన్నీ ముందు పెట్టుకోండి. పేరు కింద సన్నని అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు, ఒక మిల్లీలీటరుకు వాటి పరిమాణం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ పట్టికగా రాయండి. పారాసిటమాల్ ఎన్ని సీసాల్లో ఉందో లెక్కపెట్టి, ఆ పట్టికను సంపర్క తరగతికి తీసుకురండి.