డెబ్బై ఎనిమిది అంకెల సంఖ్య, కాన్‌బెర్రాలో దొరికిన కారణాంకం

2ను 256 సార్లు వేసి గుణించి, ఆ లబ్ధానికి 1 కలిపితే 78 అంకెల సంఖ్య వస్తుంది. ఇది ఎనిమిదో ఫెర్మా సంఖ్య; ఈ వరుస 3తో మొదలై, ప్రతి సంఖ్య నుంచి 1 తీసి, వర్గం చేసి, 1 కలిపితే తరువాతిది వస్తుంది, లెక్క మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. వరుసలోని మొదటి ఐదూ, అంటే 3, 5, 17, 257, 65537, ప్రధాన సంఖ్యలే, 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివే కావడం చూసి, 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తక్కినవన్నీ అలాగే ఉంటాయని నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆ తరువాతిదైన 4294967297ను 641 భాగిస్తుందని చూపడంతో ఆ నమ్మకం వమ్మయింది. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 128 గుణిజానికి 1 కలిపినదే కావాలని ఇప్పుడు తెలుసు. 128ని 5తో గుణించి 1 కలిపితే వచ్చేది 641 గనుక, సరైన చోట వెదికేవారికి అది ఎంతో దూరంలో లేదు.

ఎనిమిదో సంఖ్య అంత తేలికగా లొంగలేదు. 3ను వర్గం చేసి, ఆ ఫలాన్ని మళ్లీ వర్గం చేస్తూ, ప్రతిసారీ ఆ సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ 255 సార్లు పోతే, అది ప్రధాన సంఖ్య అయిన పక్షంలో చివరి శేషం దానికంటే సరిగ్గా 1 తక్కువ రావాలి. 1909లో మోర్‌హెడ్, వెస్టర్న్ అనే ఇద్దరు కంప్యూటర్లు లేని ఆ రోజుల్లోనే ఈ లెక్క చేసి, శేషం అలా రాలేదని, కాబట్టి అది ప్రధానం కాదని తేల్చారు. అయితే దానిని భాగించేది ఏదో ఆ లెక్క చెప్పదు. విరుగుతుందని తెలిసీ ఎక్కడ విరుగుతుందో తెలియని ఈ స్థితి 71 ఏళ్లు సాగింది. ఈ చరిత్రలో అసలు విశేషం ఇదే.

1980లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ బ్రెంట్, బ్రిటన్‌కు చెందిన జాన్ పొలార్డ్‌తో కలిసి ఆ చోటు కనుగొన్నాడు. పొలార్డ్ 1975లో ప్రకటించిన పద్ధతిలో ఒక శేషాన్ని వర్గం చేసి, స్థిరసంఖ్య ఒకటి కలిపి, పెద్ద సంఖ్యతో భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ అదే పని చేస్తారు. దాగి ఉన్న కారణాంకంతో భాగించి చూస్తే ఈ శేషాలు ఎప్పటికో ఒకప్పుడు చక్రంలా తిరగడం ఆరంభిస్తాయి గనుక, తగిన రెండు శేషాల తేడాకూ పెద్ద సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం (రెంటినీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య) కడితే కారణాంకం బయటపడుతుంది. దీనికి పట్టే మెట్లు సుమారు ఆ కారణాంకపు వర్గమూలమంత, ఇక్కడైతే మూడున్నర కోట్లు. ఎనిమిదో సంఖ్య కారణాంకాలన్నీ 1024 గుణిజానికి 1 కలిపినవే కావాలన్న సంగతిని ఆధారం చేసుకుని, వర్గానికి బదులు 1024వ ఘాతం వాడి, వారు ఆ మెట్లను బాగా తగ్గించారు. యూనివాక్ కంప్యూటర్ మీద రెండు గంటల్లో 1238926361552897 దొరికింది. మిగిలిన 62 అంకెల భాగం ప్రధాన సంఖ్యే. ఈ పదహారు అంకెలూ గుర్తుండేందుకు, పదాల్లోని అక్షరాల లెక్కే అంకెలయ్యేలా బ్రెంట్ ఒక ఇంగ్లీషు వాక్యం కూడా అల్లాడు. గణితజ్ఞుల సరదాలు ఇలాగే ఉంటాయి.

బ్రెంటే 1988లో 617 అంకెల పదకొండో సంఖ్యను, 1995లో 309 అంకెల పదో సంఖ్యను పూర్తిగా విడగొట్టాడు. పెద్దది ముందు లొంగడానికి కారణం, దాని కారణాంకాల్లో ఒక్కటి తప్ప తక్కినవన్నీ చిన్నవి కావడమే. ఇరవయ్యో ఫెర్మా సంఖ్య ప్రధానం కాదని కూడా రుజువైంది గాని, దాని కారణాంకం ఒక్కటీ ఇంకా దొరకలేదు.