చిన్న పొదుపు, పెద్ద బజారు

స్వాహిలీ భాషలో 'అకిబా' అంటే పొదుపు. పొదుపరికి వాటాల బజారు తలుపు తెరుచుకున్న కథ చూడాలంటే తూర్పు ఆఫ్రికాలోని కెన్యాను చూడాలి.

నైరోబీలో స్టాక్ ఎక్స్ఛేంజి 1954లోనే వెలిసింది. కాని 1963లో స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆఫ్రికావారికి గాని, అక్కడ స్థిరపడిన మనవారికి గాని అందులో ప్రవేశం లేదు. దేశం వారిది, బజారు దొరలది!

2008లో సఫారీకామ్ టెలిఫోను కంపెనీలో నాలుగోవంతును ప్రభుత్వం అమ్మజూపింది. షేరు వెల 5 షిల్లింగులు. 8 లక్షల మందికి పైగా ఎగబడ్డారు. కొందరు అప్పుచేసి మరీ కొన్నారు. ఆ యేడాదే షేరు 5 షిల్లింగుల దిగువకు పడిపోయింది. వడ్డీ పడిపోదు గదా! ఓపికపట్టిన వారికి మాత్రం తరువాతి సంవత్సరాల్లో బాగానే లాభించింది.

2017లో 'ఎం-అకిబా' బాండు వచ్చింది. అంతకు ముందు ప్రభుత్వ బాండు కొనాలంటే కనీసం 50,000 షిల్లింగులు కావాలి. దీనికి 3,000 సరిపోయేవి. బ్యాంకి గడప తొక్కకుండా సెల్‌ఫోనులోనే కొనే వీలుండేది. సాలుకు 10 శాతం వడ్డీ వచ్చేది, దానిపై పన్ను ఉండేది కాదు. తొలి విడత 15 కోట్ల షిల్లింగులూ అమ్ముడయ్యాయి. తరువాత 100 కోట్లు అడిగితే నాలుగోవంతే వచ్చింది.

తలుపు తెరవడం ప్రభుత్వం వంతు. లోపలికి అడుగుపెట్టాలంటే చేతిలో మిగులూ, మనసులో నమ్మకమూ రెండూ వుండాలి.