ప్రాచీన శిలలలో తొలి జీవపు జాడలు

మనం వ్రాసుకొనే పెన్సిలు ములుకులో ముఖ్యంగా ఉండేది గ్రాఫైటు. అది కర్బనానికి ఒక రూపం. భూమిపై జీవం ఎప్పుడు పుట్టిందన్న మహాప్రశ్నకు ఈ సామాన్య పదార్థమే ఒక ఆధారమైనది.

భూగోళం వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. తొలి జీవులు కంటికి కానరాని సూక్ష్మజీవులు. వాటికి ఎముకలు లేవు, గుల్లలు లేవు. పైగా అతి ప్రాచీన శిలలలో అధికభాగం భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై రూపు మారినవి. అట్టి శిలలలో జీవుల ఆకారం నిలిచియుండుట దుర్లభం. అందుచేత శాస్త్రజ్ఞులు ఆకారంతోపాటు రసాయనిక చిహ్నాలను కూడా వెదకుతారు.

కర్బనానికి స్థిరమైన ఐసోటోపులు రెండు: కర్బనం-12, దానికంటె కొంచెం బరువైన కర్బనం-13. ప్రకృతిలో మొదటిది సుమారు 99 శాతం. మొక్కలు, అనేక సూక్ష్మజీవులు ఆహారం తయారుచేసుకొనేటప్పుడు తేలికైన కర్బనాన్నే కొంత ఎక్కువగా గ్రహిస్తాయి. జీవి మరణించి, దాని అవశేషం గ్రాఫైటుగా మారినా ఈ తేడా చాలవరకు మిగిలి ఉంటుంది. గ్రీన్‌లాండు నైరుతి భాగంలోని ఇసువాలో, 370 కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలలలో, ఇటువంటి తేలిక కర్బనంగల గ్రాఫైటు రేణువులు ఉన్నవని 1999లో మినిక్ రోసింగ్ ప్రకటించాడు. అయితే ఇనుము కలిసిన కార్బొనేటు ఖనిజం తీవ్రమైన వేడికి విచ్ఛిన్నమైనప్పుడు కూడా గ్రాఫైటు ఏర్పడుతుంది. కనుక గ్రాఫైటు కనిపించినంత మాత్రాన అక్కడ జీవం ఉండెనని చెప్పరాదు.

రెండవ మార్గం అణువుల పరిశీలన. కేంద్రకంగల కణాలు కొలెస్టెరాల్ వంటి పదార్థాలను తయారుచేస్తాయి. వాని నుండి మిగిలే స్టెరేన్లు శిలలలో కోట్ల సంవత్సరాలు నిలువగలవు. ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, 270 కోట్ల ఏండ్లనాటి షేల్ శిలలలో, ఇవి దొరికినవని 1999లోనే యోకెన్ బ్రాక్స్ బృందం ప్రకటించింది. కేంద్రకంగల కణాలు అంత పూర్వమే ఉన్నవన్నమాట! కాని 2008లో జరిగిన పునఃపరిశీలనలో, శిలలోని మూల కర్బనానికి, దాని నుండి తీసిన అణువులకు ఐసోటోపుల పొంతన కుదరలేదు. ఆ అణువులు తరువాతి కాలంలో వచ్చి చేరినవని ఆ వ్యాసం తేల్చింది. దాని రచయితలలో బ్రాక్స్ కూడా ఒకడు! 2012లో అత్యంత శుభ్రతతో కొత్తగా బోరు వేసి శిలలను వెలికితీశారు. 2015లో వెలువడిన ఫలితాలలో ఆ స్టెరేన్ల జాడ కానరాలేదు.

అంతటితో అన్వేషణ ఆగలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని 164 కోట్ల ఏండ్లనాటి శిలలలో అటువంటి అణువుల ఆదిమ రూపాలను గుర్తించినట్లు 2023లో ప్రకటించినది బ్రాక్స్ బృందమే.

ప్రయోగశాలలో మనకు వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో సరిపడనప్పుడు, దానిని దిద్ది వ్రాయాలన్న తొందర మనలో ఎవరికి కలుగలేదు? తన పేరు నిలబెట్టిన ఫలితాన్నే తిరిగి పరీక్షించి, తప్పని తేలగా ఒప్పుకొన్న ఆ శాస్త్రజ్ఞుని అప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొందాం.