నిమ్మ గజ్జి తెగులునకు కాపర్ ఆక్సీక్లోరైడు: గుణములు, ఉపయోగము, జాగ్రత్తలు

వెంకటాచలము చుట్టుపట్లను, పొదలకూరు, గూడూరు ప్రాంతములందును నిమ్మతోటలు గల రైతులకును, మందు చల్లు కూలీలకును, ఆ తోటల సమీపమున గొఱ్ఱెలను మేపుకొను కాపరులకును తెలియవలసిన సంగతు లిందు వ్రాయబడుచున్నవి. కాపర్ ఆక్సీక్లోరైడు మంచి కాపలాదారు, వైద్యుడు కాదు. అదిగాక, ఒకసారి చల్లిన రాగి ఎన్నటికిని నశించునది కాదు. ఈ రెండు విషయములు మరచుటచేతనే ధనవ్యయమును, పశునష్టమును కలుగుచున్నవి.

1. మందు యొక్క స్వభావము

రాగియు, సముద్రపు టుప్పులోనుండు క్లోరినును, నీటి యంశములును కలిసి యేర్పడు ఆకుపచ్చని మెత్తని పొడియే కాపర్ ఆక్సీక్లోరైడు. శుద్ధమైన పదార్థమున నూటికి సుమారు 59 వంతులు రాగియే. ఇది మనకు కేవలము క్రొత్తది కాదు. ఉప్పుగాలి తగులు గ్రామములలో తోమక విడిచిన రాగిబిందెలపై పట్టు పచ్చని చిలుములో ఈ పదార్థము నుండును. ఆ చిలుము వట్టి నీటితో కడిగిన పోదు. చింతపండుతో తోమిన కరిగి పోవును. మందును గూడ ఇట్లే యెరుంగవలెను. నీట కరుగదు గనుక వానకు వెంటనే కొట్టుకొనిపోక ఆకుపై నిలుచును. పులుపున కరుగును గనుక పులుపుగల యే పదార్థముతోను దీనిని కలుపరాదు. కలిపినయెడల రాగి యొక్కసారిగా విడివడి లేత ఇగురును మాడ్చును.

పేరులు దగ్గరగా నుండుటచే పొరబడరాదు. కాపర్ క్లోరైడు అనునది వేరు. అది నీట కరగి ఆకును కాల్చును. మైలుతుత్తమును నీట కరుగునదే. కావుననే దానిని సున్నముతో కలిపి బోర్డో మిశ్రమముగా వాడుదురు. ఫ్రాన్సు దేశపు బోర్డో పట్టణమున మిలార్డే అను పండితుడు 1885లో ద్రాక్షతోటలకై దీనిని లోకమునకు తెలిపెను. నూరు లీటర్ల నీటికి ఒక కిలో తుత్తము, ఒక కిలో సున్నము దాని పాలు. సున్నము నాసిగా నున్న మిశ్రమము చెడును. ఆక్సీక్లోరైడునకు సున్నముతో పనిలేదు. ఇదియే దాని సౌకర్యము.

2. తెగులును, మందు పనిచేయు విధమును

గజ్జి తెగులు కంటికి కానరాని బాక్టీరియా అను సూక్ష్మజీవులవలన కలుగును. ఆకులపైనను, కొమ్మలపైనను, కాయలపైనను గరుకైన గోధుమవర్ణపు పొక్కులు లేచును. ఆకుపై పొక్కు చుట్టును పసుపుపచ్చని వలయ మేర్పడును. రసము చెడకున్నను, మచ్చపడిన కాయకు మార్కెట్టులో ధర పడిపోవును. ఇది మన దేశమున ప్రాచీనమైన వ్యాధి. 1827-1831 సంవత్సరముల మధ్య భారతదేశమున సేకరించి ఇంగ్లండునందలి క్యూ ఉద్యానవనమున భద్రపరచిన మాదీఫలపు ఆకులపై ఈ మచ్చలే యున్నట్లు 1933లో కనుగొనబడినది.

గాలితో కూడిన వాన ఈ తెగులునకు వాహనము. అమెరికాలోని ఫ్లోరిడాలో 1995 మొదలు లక్షలకొలది చెట్లను నరికించిరి. అయినను 2004, 2005 సంవత్సరముల తుపానులు తెగులును దూరదూరములకు చిమ్మగా, 2006లో ఆ నిర్మూలన ప్రయత్నమును విరమించిరి. ఈశాన్య ఋతుపవనపు వానలును, వాయుగుండములును తప్పని మన తీరమునకు ఇది మంచి హెచ్చరిక. ముండ్లు గీచిన గాయములగుండను, ఆకును తొలుచు పురుగు చేసిన దారులగుండను సూక్ష్మజీవులు లోనికి చొచ్చును.

మందు ఆకుపై పలుచని పూతగా నిలిచి, మంచు, వాన తడి తగిలినపుడు రాగిని కొద్దికొద్దిగా విడుచుచుండును. ఆ రాగి, సూక్ష్మజీవి లోనికి పోకముందే దానిని చంపును. లోనికి పోయినదానిని ఏమియు చేయజాలదు. పొక్కులు చూచి బెదరి రెట్టింపు మందు చల్లినను పాతమచ్చ మానదు.

3. కలుపు విధము, చల్లు కాలము

మొదట పొడివాతావరణమున తెగులు కొమ్మలను కత్తిరించి తోటవెలుపల కాల్చవలెను. తడిగా నున్నపుడు కత్తిరించిన కత్తియే తెగులును చెట్టునుండి చెట్టునకు మోయును. మొక్కలు కొనునపుడు మచ్చలేని వానినే కొనవలెను. ఈ పనులు చేయక మందునే నమ్ముట గుమ్మము తెరచి కావలి పెట్టుట వంటిది.

50 శాతపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున, అనగా పది లీటర్లకు 30 గ్రాములు, వాడుట మన ప్రాంతమున వాడుక. పొట్లముపై ముద్రించిన మోతాదు వేరుగా నున్నచో దానినే పాటింపవలెను. పిడికిళ్లతో గాక త్రాసుతో తూచవలెను. పొడిని మొదట కొద్దినీటిలో ముద్దగా కలిపి, పలుచని గుడ్డతో వడియగట్టి, మిగిలిన నీట కలుపవలెను. ఈ మందు అడుగునకు దిగును గనుక చల్లుచున్నంతసేపును కలియబెట్టవలెను. లేనిచో మొదటి చెట్లకు నీరును, చివరి చెట్లకు విషమును అందును. కలిపినది ఆనాడే వాడవలెను.

క్రొత్త ఇగురు విచ్చుకొనునపుడును, కాయలు పిందెలై మూడు మాసములు నిండువరకును రక్షణ అవసరము. అక్టోబరు వానలు పట్టకముందే మొదటి పిచికారి ముగియవలెను. తరువాత ఇగురు వచ్చుటను, వాన కురియుటను చూచి, ఉద్యానశాఖ అధికారి సలహాపై మరల చల్లవలెను. మండుటెండలోను, ఆకు తడియారనపుడును, పూవులపై తేనెటీగలు తిరుగువేళను చల్లరాదు. ఒక్క రాగిమందునే యేండ్లతరబడి నమ్మరాదు. అర్జెంటీనాలో రాగికి లొంగని గజ్జి సూక్ష్మజీవులు పుట్టినవి.

4. చల్లువారి క్షేమము

పొడి కంటిలో పడిన తీవ్రమైన మంట కలుగును. పీల్చిన గొంతు రేగును. కడుపులోనికి పోయిన వాంతులు, కడుపునొప్పి కలిగి, కాలేయము, మూత్రపిండములు చెడును. కావున చేతితొడుగులు, కండ్లద్దములు, ముక్కుకు గుడ్డ, నిండుచేతుల చొక్కా ధరింపవలెను. గాలికి ఎదురుగా చల్లరాదు. పని ముగిసి సబ్బుతో స్నానము చేయువరకు తినుట, పొగ త్రాగుట, తాంబూలము వేయుట కూడదు. గర్భిణులను, పిల్లలను ఈ పనికి పెట్టరాదు.

కంటిలో పడిన పదునైదు నిముషములు మంచినీటితో కడిగి వైద్యుని చూపవలెను. ఎవరైనను మ్రింగినయెడల నోరు కడిగించి, పొట్లముతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. బలవంతముగా వాంతి చేయింపరాదు. విరుగుడని తలచి చింతపండు నీళ్లు, నిమ్మరసము, పుల్లమజ్జిగ ఇయ్యరాదు. బిందె చిలుమును కరిగించినట్లే పులుపు కడుపులోని రాగినిగూడ కరిగించి అపాయమును పెంచును.

5. గొఱ్ఱెలు, చేపలు, నేల

పశువులలో రాగిని సహింపలేని జాతి గొఱ్ఱె. ఆవు, మేక తట్టుకొను రాగి గొఱ్ఱెను చంపవచ్చును. అది తినిన రాగి కాలేయమున వారములు, మాసములు కూడబడి, ఒకనాడు హఠాత్తుగా రక్తమున విడివడును. అప్పుడు కండ్లు పచ్చబారి, మూత్రము నల్లనెరుపై, ఒకటి రెండు దినములలో గొఱ్ఱె చచ్చును. నాటివరకు మంద ఆరోగ్యముగానే కనబడును గనుక కారణము తోటలోని గడ్డి యని కాపరికి తోచదు. దేశమున పేరుపొందిన నెల్లూరు గొఱ్ఱెలకు పుట్టినిల్లయిన ఈ సీమలో ఇది చిన్నమాట కాదు. మందు చల్లు మాసములలో తోటలోనికి గొఱ్ఱెలను విడువరాదు. అచటి గడ్డి కోసి వేయరాదు. రైతు మందు చల్లుటకు ముందే కాపరికి కబురు పంపవలెను.

కరగిన రాగి చేపలకును, రొయ్యపిల్లలకును విషము. పంపులను, బిందెలను సర్వేపల్లి చెరువులోను, కాలువలలోను, రొయ్యల గుంటలకు నీరు తోడు వాగులలోను కడుగరాదు. కడిగిన నీటిని తోటలోనే, బావికి దూరముగా, నేలపై పలుచగా చల్లవలెను. ఖాళీ సంచులను ఇంటి అవసరములకు వాడరాదు.

నేలలో చేరిన రాగి ఎరువువలె ఖర్చు కాదు, కుళ్లదు. వానపాములకును, వేళ్లకును అది హాని చేయును. పులుపు గుణముగల ఎర్రనేలలలో ఈ హాని అధికము. ఐరోపా దేశముల కూటమి 2018లో చేసిన నిబంధనలో హెక్టారునకు ఏడేండ్లలో 28 కిలోల రాగికి మించి చల్లరాదని హద్దు పెట్టినది. తోట తండ్రినుండి కొడుకునకు దక్కునది. నేలలోని రాగియు అట్లే దక్కును.

కావున రైతులు తూచి కలుపవలెను; వానకు ముందు చల్లవలెను; గొఱ్ఱెలకును చెరువులకును దూరముగా నుంచవలెను. ఈ పత్రమును చదువురాని కూలీలకును, కాపరులకును చదివి వినిపింప ప్రార్థన.