కందనకాయలో మేకు

పెరటి కోడి ఇనుప ముక్క మింగిందని అనుమానం రాగానే ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. బతుకుతుందా అన్నది మొదటిది. దీనికి బుద్ధి లేదా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు మింగిన లోహాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి జవాబు తేలికే. గట్టి ముక్కలు కోడి ఒంటికి కావాలి, వాటికోసమే అది నేల గీరుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఆ వెతుకులాట ఇనుము దాకా పోవడానికి మన నేల తీరూ మన ఇళ్ళ పనులూ కారణం. అంచేత దీనికి మందు పశువుల ఆసుపత్రిలో కంటే పెరట్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

నాటుకోడిని ఇంట్లో కోసుకునేవాళ్ళు కందనకాయ చీల్చగానే నలిగిన గింజల మధ్య నున్నగా అరిగిన రాళ్ళు చూస్తూనే ఉంటారు. కోడికి పళ్ళు లేవు. తిన్న గింజ ముందు మెడ కింది సంచిలో నానుతుంది, ఆమ్లం ఊరే చిన్న జీర్ణాశయం దాటి కందనకాయలో పడుతుంది. మందపాటి కండ, లోపల గట్టి పసుపు పొర ఉన్న ఆ అవయవం మింగిన రాళ్ళ సాయంతో గింజను తిరగలిలా పిండి చేస్తుంది. అరిగిన రాళ్ళు పేగుల్లోకి జారిపోతాయి గనక కోడి కొత్తవి మింగుతూ ఉండాలి. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల ఉన్నది కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు నేల. ఎంత గీరినా నల్లమట్టే గాని గులకరాయి అరుదు. బాపట్ల తీరాన ఇసుకకు లోటు లేదు గాని, సన్న ఇసుక కందనకాయలో నిలవక జారిపోతుంది. ఇలాంటి చోట కోడికి అందుబాటులో ఉండే గట్టి సరుకు ఇల్లు కట్టేవాళ్ళు పోసుకున్న కంకరే. స్లాబు పని జరిగినచోట ఆ కంకరతో పాటే బైండింగ్ వైరు తుంపులు పడి ఉంటాయి. రేకులు బిగించినచోట స్క్రూలు, వాషర్లు, కరెంటు పని చేసినచోట రాగి తీగ తునకలు రాలతాయి. రాయి ఏదో లోహం ఏదో కోడి ముక్కుకు తెలియదు.

తరతరాలుగా కోళ్ళు పెరట్లో తిరుగుతూనే ఉన్నాయి, మేకు మింగి చచ్చిన కోడిని ఎవరు చూశారని అడిగేవారున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని 18వ శతాబ్దంలో సీసపు ఉండకు 12 సూదులు గుచ్చి, మొనలు బయటికి ఉండేలా చేసి టర్కీ కోడికి మింగించాడు. ఒకటిన్నర రోజు తరవాత చూస్తే మొనలు విరిగిపోయి ఉన్నాయి, కందనకాయకు గాయం కాలేదు. గుండుసూదో స్టాప్లర్ పిన్నో మింగిన కోడి ఏమీ ఎరగనట్టు మేస్తూ తిరగడం కాబట్టి వింతేమీ కాదు. అయితే అన్ని ముక్కలూ సూదుల్లా విరగవు. పొడవాటి మేకో గట్టి తీగో అడ్డం తిరిగితే, అంత బలంగా నొక్కే కండే దాన్ని తన గోడలోకి దించుకుంటుంది.

మొన కంటే చెడ్డది విషం. కందనకాయ లోహాన్ని కూడా నూరుతుంది, ఆమ్లం దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. మామూలు ఇనుము కరిగితే ముప్పు తక్కువ. జీఐ తీగ మీది జింకు పూత కరిగితే కోడి నీరసపడుతుంది, ఎక్కువైతే చస్తుంది. సీసం మరీ ప్రమాదం. రేపల్లె, నిజాంపట్నం వైపు విసురువలల అంచుకు కట్టే సీసపు గుళ్ళలో చిన్నవి కోడి గొంతు దిగేలాగే ఉంటాయి. వేటగాళ్ళు పేల్చిన సీసపు రవ్వలను బాతులు రాళ్ళతో పాటు మింగి చస్తున్నాయని తేలాకే, నీటిపక్షుల వేటలో వాటిని అమెరికా 1991లో దేశమంతటా నిషేధించింది. స్పల్లంజాని చూసింది ఒకటిన్నర రోజు. సీసం తన పని చేయడానికి రోజులూ వారాలూ తీసుకుంటుంది. పాతకాలపు ధీమాలో లోపం ఇక్కడుంది: ఎప్పుడో మింగిన ముక్క వల్ల కోడి ఈకలు ముడుచుకుని, రెక్కలు వాల్చి, ఆకుపచ్చగా రెట్ట వేసి చస్తే ఏదో తెగులనుకుని పారేస్తారు. కందనకాయ చీల్చి చూసేవాళ్ళు తక్కువ.

పాడి రైతులకు ఇలాంటి భయం గేదెల వల్ల తెలుసు. గడ్డితో మింగిన తీగ గేదె రెండో పొట్టలో ఆగి, దగ్గరలోనే ఉన్న గుండె వైపు దిగుతుంది. అందుకని కొన్ని దేశాల్లో ఆవులకు అయస్కాంతం మింగిస్తారు, అది ఇనుమును పట్టి ఉంచుతుంది. ఆ చిట్కా కోడికి పనికిరాదు. నిత్యం నూరే అవయవంలో అయస్కాంతం మరో లోహపు ముక్కే అవుతుంది. పైగా సీసం, రాగి, జింకు అయస్కాంతానికి అంటుకోవు. తలకిందులు చేసి కక్కించబోతే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయే ప్రమాదం ఉంది. మింగడం కంటితో చూస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. ముక్క మెడ సంచిలో ఉండగా తీయడం సులువు, కందనకాయలో పడ్డాక కష్టం. ఉత్త అనుమానమే అయితే కోడిని విడిగా ఉంచి మేత, రెట్ట, నడక గమనించాలి. ఏ తేడా కనబడినా ఎక్స్‌రే తీయించాలి, అందులో లోహం స్పష్టంగా తెలుస్తుంది. సలహాకు 1962 నంబరు ఉంది, పెద్ద వైద్యానికి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

కోడి ఖరీదెంత, ఎక్స్‌రే ఖరీదెంత అని అడగడంలో తప్పు లేదు. అయితే లెక్కలో గుడ్డును కూడా వేసుకోవాలి. కోడి ఒంట్లో చేరిన సీసం గుడ్డులోకీ వెళ్తుంది. న్యూయార్క్ నగరంలో తోటల్లో పెంచిన కోళ్ళ గుడ్లను పరీక్షిస్తే దాదాపు సగంలో సీసం కనబడింది. అక్కడ దోషం ఎక్కువగా మట్టిది, దారి మాత్రం ఒకటే. పెరటి గుడ్డు తినేది ముందు ఇంట్లో పిల్లలే. సీసం అనుమానం ఉన్న కోడి గుడ్లు వాడకపోవడం, దాన్ని కోసుకుని తినకపోవడం మంచిది.

వైద్యం ఖర్చుతో పోలిస్తే నివారణ చవక. జొన్నగింజ నుంచి కందిగింజ అంత ఉండే నల్లరాతి చిప్సు ఓ చిప్పలో పోసి పెడితే కోడి వెతుకులాట చాలావరకు అక్కడ తీరుతుంది. ఆల్చిప్పల పొడి దీనికి బదులు కాదు, ఆమ్లంలో కరిగి గుడ్డు పెంకుకు కాల్షియం ఇస్తుందే తప్ప గింజను నూరదు. ఆవు పొట్టకు వాడే అయస్కాంతం పెరటికి బాగా పనికొస్తుంది. పాత స్పీకరులోది తాడుకు కట్టి, మేస్త్రీ పని ముగిసిన సాయంత్రం నేల మీద ఈడిస్తే ఇనుము వచ్చేస్తుంది. రాగి, సీసం మాత్రం చేత్తో ఏరాలి.

కోడి వీధిలోకి పోతుంది, వీధంతా ఊడవగలమా అన్నది మిగిలే అభ్యంతరం. ఊడవలేం. కానీ గూడు తెరవగానే కోడి గీరేది ఇంటి చుట్టూ ఉన్న నేలే, మేకులు రాలేదీ ఎక్కువగా మన పనులవల్లే. దాని కందనకాయ రాళ్ళతో నిండి ఉంటే వీధిలో మెరిసే ముక్క మీద ఆశా తగ్గుతుంది. ప్రమాదం పూర్తిగా పోకపోయినా మన చేతిలో ఉన్న భాగం పెద్దది. పనివాళ్ళకు కూలి ఇచ్చి పంపేముందు నేల ఏరించడంతో అది మొదలవుతుంది.